లియొనార్డ్ ఆయిలరు : ఒక మహాసంఖ్యను పరీక్షించిన మహనీయుడు

అంకగణితము నేర్చుకొను బాలబాలికలకు పెద్దసంఖ్యలన్నియు నొక్కతీరుగనే కానవచ్చును. పది అంకెల సంఖ్య నొకదానిని నల్లబల్లపై వ్రాసి, ఇది యెట్టి సంఖ్య యని యడిగినచో, చాల పెద్దదని మాత్రము వారు చెప్పుదురు. చివరి అంకెను చూచి సరిసంఖ్యయో బేసిసంఖ్యయో చెప్పవచ్చును. అంకెలను కూడి మూటిచేత భాగింపబడునో లేదో చెప్పవచ్చును. అంతకు మించి దాని స్వభావము దాని ముఖమున వ్రాయబడి యుండదు. సంఖ్యను పైరూపము చూచి యెంచరాదనియు, గొప్పవారు చెప్పిరను కారణము చేతనే నమ్మరాదనియు, ఓపికతో పరీక్షించియే నిర్ణయింపవలెననియు తన జీవితముచేత చూపిన మహనీయుడొకడు పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపాఖండమున నుండెను. ఆయనయే లియొనార్డ్ ఆయిలరు. ఆయన చరిత్రమును, కన్నులు పోయిన వృద్ధాప్యమున ఆయన తేల్చిన 2147483647 అను సంఖ్య చరిత్రమును మా పాఠకులకు కలిపి చెప్పదలచితిమి.

ఆయిలరు స్విట్జర్లాండు దేశమందలి బాజెలు నగరమున 1707 సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన జన్మించెను. తండ్రియగు పౌలు ఆయిలరు సంఘకాపరి. తల్లియు సంఘకాపరి కుమార్తెయే. బిడ్డడు పుట్టిన మరుసటియేట ఆ కుటుంబము సమీపమందలి రీహెన్ అను గ్రామమునకు వెళ్లి యచ్చట స్థిరపడెను. తండ్రి తన విద్యార్థి దినములలో యాకోబు బెర్నూలీ యను ప్రఖ్యాత గణితజ్ఞుని బోధ వినినవాడగుటచే, కుమారునకు లెక్కలలోని తొలి పాఠములను తానే చెప్పెను. బాలుడు పెరిగి బాజెలునందలి పాఠశాలలో చేరెను గాని, ఆ పాఠశాలలో గణితము చెప్పుట అంతంతమాత్రమే.

పదుమూడేండ్ల వయసున అతడు విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. అచ్చట యాకోబు సోదరుడగు యోహాను బెర్నూలీ గణితాచార్యుడుగా నుండెను. తనకు ప్రత్యేకముగా పాఠము చెప్పుమని ఆయిలరు వేడుకొనగా, తీరిక లేదని ఆచార్యుడు నిరాకరించెను. కాని కఠినమైన గ్రంథములను స్వయముగా చదువుకొని, తెలియని తావులుండిన శనివారము మధ్యాహ్నమున వచ్చి యడుగవచ్చునని సెలవిచ్చెను. గురువును వృథాగా శ్రమపెట్టకుండవలెనని ఆ బాలుడు వారమంతయు పాటుపడి, తన సందేహములలో పెక్కింటిని తానే తీర్చుకొని, తీరనివాటిని మాత్రమే శనివారమునకు మిగుల్చుకొనెడివాడు. మా విద్యార్థులు ఈ పద్ధతిని గమనింతురు గాక. కుమారుడు కూడ సంఘకాపరి కావలెనని తండ్రి కోరి యతనిని దైవశాస్త్రమున ప్రవేశపెట్టెను. కాని ఈ బాలుడు గణితమునకే పుట్టినవాడని బెర్నూలీ చెప్పగా, తండ్రి తన కోరికను విడుచుకొని సమ్మతించెను.

ఆ కాలమున రష్యాదేశమున సెంట్ పీటర్సుబర్గు నగరమందు శాస్త్రపరిషత్తు క్రొత్తగా స్థాపింపబడెను. అందొక యుద్యోగము దొరకగా ఆయిలరు 1727 ఏప్రిలులో స్వస్థలము విడిచి, మే నెలలో ఆ నగరమును చేరెను. ఆయన చేరిన దినముననే ఆ పరిషత్తునకు పోషకురాలైన మహారాణి మొదటి కాథరిను మరణించెను. ఇరువదేండ్ల పరదేశి యువకునకు ఇది కష్టసమయమే. అయినను ఆయన ధైర్యము చెడక, 1730లో పదార్థశాస్త్రమునకును, 1733లో గణితమునకును ఆచార్యుడయ్యెను. మరుసటియేట కాథరీనా గ్సెల్ అను యువతిని వివాహమాడెను.

ఆ పరిషత్తు వారిలో క్రిస్టియను గోల్డ్‌బాక్ అనునతడు ఆయిలరునకు మిత్రుడయ్యెను. 1729 సంవత్సరాంతమున అతడు వ్రాసిన జాబులో ఒక ప్రశ్న యుండెను. ఆ ప్రశ్న తెలియవలెనన్న సంఖ్యల తరగతులను కొంచెము చెప్పవలసియున్నది.

ఒకటిచేతను తనచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడని సంఖ్యను ప్రధానసంఖ్య యందురు. 2, 3, 5, 7, 11 ఇట్టివి. ఇతర భాజకములు గలది సంయుక్తసంఖ్య, 15 అట్టిది. ప్రాచీన గ్రీకులు మరియొక విభాగమును గూడ చేసిరి. ఒక సంఖ్యకు దానిని విడిచి తక్కిన భాజకములనెల్ల కూడినచో, మొత్తము ఆ సంఖ్యకు తక్కువైన అది న్యూనసంఖ్య, ఎక్కువైన అధికసంఖ్య, సరిగా సమానమైన పరిపూర్ణసంఖ్య. 8నకు 1, 2, 4 భాజకములు. మొత్తము 7 గనుక అది న్యూనము. 12నకు 1, 2, 3, 4, 6. మొత్తము 16 గనుక అది అధికము. 6నకు 1, 2, 3. మొత్తము 6 గనుక అది పరిపూర్ణము. 28, 496, 8128 అనునవియు పరిపూర్ణములే. ఇట్టివి మిక్కిలి అరుదు.

గోల్డ్‌బాకు ప్రశ్న ప్రధానసంఖ్యలను గూర్చినది. 1665లో మరణించిన ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా యొక వరుసను పరిశీలించెను. 2నకు ఒకటి కూడిన 3. రెండు రెండుల లబ్ధమునకు ఒకటి కూడిన 5. నాలుగు రెండుల లబ్ధమునకు కూడిన 17. ఎనిమిది రెండులకు 257. పదునారు రెండులకు 65537. ఈ యైదును ప్రధానసంఖ్యలే. ఇట్లే ముప్పదిరెండు రెండులను హెచ్చించి ఒకటి కూడిన 4294967297 వచ్చును. ఇదియు, దీని తరువాతివియు గూడ ప్రధానసంఖ్యలే యగునని ఫెర్మా తలచెను. తనకు నిరూపణము దొరకలేదని యొప్పుకొనుచునే దృఢముగా నమ్మెను. ఐదు సరిపోయిన పిదప ఆరవది సరిపోదా యని యెవరికైనను తోచును. అట్టి మహామేధావి నమ్మినదానిని కాదనుటకు ఎవరు సాహసింతురు?

ఆయిలరు కాదనలేదు, అవుననలేదు, పరీక్షించెను. 1732లో ఆయన ఆ సంఖ్య 641 చేత నిశ్శేషముగా భాగింపబడుననియు, భాగఫలము 6700417 అనియు చూపెను. పెద్ద తరగతుల విద్యార్థులు ఈ రెంటిని హెచ్చించి చూచుకొనవచ్చును. ఆయన 641ని పట్టుకొనుట యదృష్టము కాదు. ఆ సంఖ్యకు ప్రధాన భాజకమేదైన నుండినచో అది 64 యొక్క గుణిజమునకు ఒకటి కూడినదై యుండవలెనని ఆయన తరువాత నిరూపించెను. ఆ నియమమునకు లోబడు ప్రధానసంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదవ భాగహారముననే గుట్టు బయటపడును. ఈ వరుసలో మొదటి యైదు తప్ప మరియొక ప్రధానసంఖ్య ఇంతవరకు దొరకలేదు.

అయితే ఇచ్చట మేమొక సంగతి దాచరాదు. ఫెర్మా పొరపాటును దిద్దిన ఆ వ్యాసముననే ఆయిలరు మరియొక జాబితా నిచ్చెను. ఒకటి తక్కువగా ప్రధానసంఖ్యల నిచ్చు రెండుల లబ్ధములకు అందు 41, 47 అను వరుస సంఖ్యలను గూడ చేర్చెను. ఆ రెండును సరికావు. ఇతరుని నమ్మకమును శోధించినవాడు తన నమ్మకమును శోధింప మరచెను. ఆయన గొప్పతనమేమనగా, పిమ్మట ఆ రెంటిని తానే విడిచిపెట్టెను. 1752లో గోల్డ్‌బాకునకు వ్రాసిన జాబులో తనకు నిశ్చయముగా తెలిసిన పరిపూర్ణసంఖ్యలు ఏడే యనియు, 2147483647 ప్రధానసంఖ్య యగునో కాదో తనకింకను తేలలేదనియు తెలిపెను.

ఈ సంఖ్య యెట్లు పుట్టినది? చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు ఇనుమడించుచు ముప్పదియొక గడులు నింపినచో, మొత్తము గింజలు 2147483647. అనగా రెండువందల పదునాలుగు కోట్ల డెబ్బదినాలుగు లక్షల ఎనుబదిమూడువేల ఆరువందల నలుబదియేడు. ముప్పదియొక్క రెండులను హెచ్చించి ఒకటి తీసివేసినను ఇదియే వచ్చును. ఇట్లు కూడుచు పోవునపుడు ఏ గడి యొద్ద మొత్తము ప్రధానసంఖ్య యగునో, ఆ మొత్తమును ఆ కడపటి గడిలోని గింజలచే హెచ్చించిన పరిపూర్ణసంఖ్య వచ్చునని యూక్లిడు నిరూపించియుండెను. 1, 2 కూడిన 3. 2చే హెచ్చించిన 6. 1, 2, 4 కూడిన 7; 4చే హెచ్చించిన 28. కావున 2147483647 ప్రధానసంఖ్య యని తేలినచో క్రొత్త పరిపూర్ణసంఖ్య యొకటి లభించును. కాదని తేలినచో లభింపదు. పారిసునగరమందలి మర్సెన్ అను సన్న్యాసి 1644లో దీనిని ప్రధానసంఖ్యలలో చేర్చియుండెను. కాని నిరూపణ మీయలేదు. ఆయన జాబితాలోని కొన్ని సంఖ్యలు తప్పని తరువాతి వారు కనుగొనిరి.

ఆయిలరు జీవితమున సుఖములతోపాటు దుఃఖములును మెండు. ఆయనకు పదుముగ్గురు బిడ్డలు కలిగిరి. వారిలో ఐదుగురు మాత్రమే బాల్యము దాటి బ్రదికిరి. 1738లో ఆయన కుడికన్ను పోయెను. 1741లో ప్రష్యారాజగు రెండవ ఫ్రెడరిక్కు పిలుపుపై బెర్లినునకు పోయి, అచ్చట ఇరువదియైదేండ్లు పనిచేసెను. ఇంటిలో పిల్లలు చుట్టును ఆడుకొనుచుండగనే ఆయన శాస్త్రగ్రంథములు వ్రాయగలిగెడివాడని చెప్పుదురు.

బెర్లినులో నున్నపుడే ఆయన స్నేహసంఖ్యలను వెదకెను. ఒకదాని భాజకముల మొత్తము రెండవదానికిని, రెండవదాని భాజకముల మొత్తము మొదటిదానికిని సమానమైన, ఆ రెండును స్నేహసంఖ్యలు. 220, 284 అట్టివి. అంతవరకు మూడు జతలే ఐరోపావారికి తెలిసియుండగా, ఆయిలరు ఇంచుమించు అరువది జతలను కనుగొనెను. అయినను 1184, 1210 అను చిన్నజత ఆయన కన్నుగప్పి పోయెను. దానిని 1866లో ఇటలీదేశమందలి పగనీని యను పదునారేండ్ల బాలుడు కనుగొనెను. గొప్పవారు నడచిన దారిలో చిన్నవారికి ఏమియు మిగిలియుండదని మా విద్యార్థులెవరును తలపకుందురు గాక.

1766లో రెండవ కాథరిను మహారాణి ఆహ్వానముపై ఆయిలరు మరల సెంట్ పీటర్సుబర్గు చేరెను. చేరిన కొలదికాలముననే ఎడమకంటికి శుక్లము క్రమ్మి చూపు దాదాపు పోయెను. 1771లో నగరమున గొప్ప అగ్నిప్రమాదము జరిగి ఆయన యిల్లు తగులబడెను. ఆయన స్వదేశీయుడొకడు మంటలలోనికి చొచ్చి, కన్నులు కానరాని ఆ వృద్ధుని మోసికొని వచ్చెను. వ్రాతప్రతులలో చాలభాగము దక్కెను. ఆ యేడే శస్త్రచికిత్స జరిగి చూపు వచ్చెను గాని, ఆ సంతోషము నిలువలేదు. కంటికి వ్యాధి సోకి, మిక్కిలి బాధపెట్టి, చీకటియే శాశ్వతమయ్యెను. 1773లో సహధర్మచారిణి మరణించెను.

ఇట్టి దశలో మరియొకడు పని చాలించియుండును. ఆయిలరు చాలింపలేదు. పెద్ద పలకపై పెద్ద అక్షరములతో తాను వ్రాయుచు, తక్కినది కుమారులచేతను శిష్యులచేతను వ్రాయించుచుండెను. బీజగణితమును గూర్చిన ఒక గ్రంథమును, పూర్వము కుట్టుపని నేర్చిన యొక పనివానికి చెప్పి వ్రాయించెను. లెక్కలెరుగని ఆ పనివాడు వ్రాయుచు వ్రాయుచునే బీజగణితము నేర్చుకొనెనని ప్రసిద్ధి. వినువాడు గ్రహించెనా లేదా యని యడుగడుగున చూచుకొని చెప్పుటచే కాబోలు ఆ గ్రంథము మిక్కిలి సులభముగా నున్నది. ఉపాధ్యాయులమగు మాకు ఇందలి పాఠము చిన్నది కాదు.

ఈ చీకటి దినములలోనే 2147483647 తేలినది. 1772లో ఆయిలరు బెర్లినునందలి బెర్నూలీ వంశీయునికి వ్రాసిన జాబులో దానిని ప్రధానసంఖ్యగా ప్రకటించెను. పద్ధతి యిట్టిది. ఒక సంఖ్యకు భాజకములుండినచో, వానిలో ఒకటియైనను దాని వర్గమూలమునకు మించకుండును. ఈ సంఖ్య వర్గమూలము 46340నకు కొంచె మెక్కువ. అంతలోపల నుండు ప్రధానసంఖ్యలు నాలుగువేల ఏడువందలకు పైగా గలవు. అన్నిటిచేతను భాగించుట మానవమాత్రునకు మహాభారము. అందుచే ఆయిలరు ముందుగా ఆలోచించి, పిదప భాగించెను. దీనికి ప్రధాన భాజకముండినచో అది 62 యొక్క గుణిజమునకు ఒకటి కూడినదై యుండవలెను. అదిగాక 8చే భాగింపగా 1 గాని 7 గాని శేషింపవలెను. దీనికి చిన్న యుదాహరణము: పదునొకండు రెండుల లబ్ధమునుండి ఒకటి తీసిన 2047 వచ్చును, అది 23, 89ల లబ్ధము. ఆ రెండును 22 యొక్క గుణిజములకు ఒకటి కూడినవి. 8చే భాగింపగా క్రమముగా 7, 1 శేషించును. మన సంఖ్య విషయమున ఈ రెండు నియమములను కలిపిన, 248చే భాగింపగా 1 గాని 63 గాని శేషించు ప్రధానసంఖ్యలే మిగులును: 311, 1303, 1489, ఇట్లు వరుసగా. 46340 లోపల ఇట్టివి ఇంచుమించు ఎనుబది మాత్రమే. వేలు పదులైనవి. వానిలో ఏదియు దానిని నిశ్శేషముగా భాగింపలేదు. ఇరువదేండ్ల సందేహము తీరినది.

అంతట 1073741824 చేత దానిని హెచ్చించగా వచ్చు 2305843008139952128 అను పందొమ్మిది అంకెల సంఖ్య ఎనిమిదవ పరిపూర్ణసంఖ్య యయ్యెను. సరిసంఖ్యలలో పరిపూర్ణములన్నియు యూక్లిడు చెప్పిన రూపమున మాత్రమే యుండునని గూడ ఆయిలరు నిరూపించెను. ఆ నిరూపణము ఆయన మరణానంతరము 1849లో అచ్చుపడెను. బేసిసంఖ్యలలో పరిపూర్ణమైనది కలదో లేదో ఇప్పటికిని తేలలేదు.

2147483647 ఎనుబదియేండ్లకు పైగా తెలిసిన ప్రధానసంఖ్యలలో మిక్కిలి పెద్దదిగా నిలిచెను. 1811లో ఆంగ్లేయ గణితజ్ఞుడగు బార్లో దీనివలన వచ్చు పరిపూర్ణసంఖ్యను మించినది ఎన్నడును కనుగొనబడదని తలచెను. ఆ నమ్మకమును తప్పే. 1876లో ఫ్రెంచివాడగు లూకా నూట ఇరువదియేడు రెండుల లబ్ధమునుండి ఒకటి తీసిన ముప్పదితొమ్మిది అంకెల సంఖ్యను ప్రధానసంఖ్యగా నిరూపించెను. 2024లో గణనయంత్రముల సాయమున కనుగొనబడిన ఇట్టి ప్రధానసంఖ్యకు 4,10,24,320 అంకెలు గలవు. కాని ఆయిలరు సంఖ్య మరుగున పడలేదు. కంప్యూటర్లు ముప్పదిరెండు స్థానములలో సంఖ్యలను దాచునపుడు, ధన ఋణ చిహ్నమునకు ఒక స్థానము పోగా, మిగిలిన ముప్పదియొక స్థానములలో పట్టు మిక్కిలి పెద్దసంఖ్య ఇదియే.

1783 సెప్టెంబరు 18వ తేదీన ఆయిలరు ఉదయము లెక్కలు కట్టెను. క్రొత్తగా కనుగొనబడిన యురేనసు గ్రహము మార్గమును గూర్చి మిత్రునితో ముచ్చటించెను. మనుమనితో ఆడుకొనుచుండగా మెదడున రక్తనాళము తెగి, నాటి రాత్రియే కన్నుమూసెను. ఆయన వయస్సు డెబ్బదియారేండ్లు. ఆయన రచనలు ఎనిమిదివందలకు మించినవి; మరణించిన పిదప ఇంచుమించు ఏబదియేండ్లవరకు పరిషత్తువారు వానిని అచ్చువేయుచునే యుండిరి.

ఫెర్మా నమ్మిన సంఖ్యకును, ఆయిలరు పరీక్షించిన సంఖ్యకును పైచూపునకు భేదము లేదు. 2147483647ను రెట్టించి మూడు కూడినచో 4294967297 యే వచ్చును. రెండును పదేసి అంకెల బేసిసంఖ్యలు; రెండింటి చివర 7 అంకెయే. ఒకటి సంయుక్తము, మరియొకటి ప్రధానము. ఆ భేదమును పేరుప్రతిష్ఠలు తేల్చలేదు, పోలికలు తేల్చలేదు. మొదట చక్కని యోచన, పిదప విసుగులేని భాగహారము తేల్చినవి. కన్నులున్న పెక్కుమంది చూచి విడిచినదానిని కన్నులు లేనివాడు నిదానించి కనుగొనెను. తల్లిదండ్రులు తమ పిల్లలు లెక్కల పుస్తకము ముందు ఆలస్యము చేయుచున్నారని విసుగుకొనకుందురు గాక. విద్యార్థులు వెనుకపుటలోని జవాబును చూచి తృప్తిపడక, అది యెట్లు వచ్చినదో తామే తేల్చుకొందురు గాక.